కుందన నీడ

కుందన పరుగెత్తుకుంటూ వచ్చి బంతి వేసింది. గాజు గదిలో కూర్చున్న ఉత్పల తెర వంక చూసింది. తెర మీద కుందన నీడ కూడా అదే పరుగు పరుగెత్తి, అదే బంతి వేసింది. ఇంతవరకూ పిల్లకీ నీడకీ వయసు పదిహేడే.

"చాలమ్మా, ఇక కూర్చో," అంది ఉత్పల మైకులో. "వంటికి అంటించినవి పీకెయ్యకు. నేనొచ్చి తీస్తాను."

అసలు పని అప్పుడు మొదలైంది. కుందన గోడవారన కూలబడి నీళ్లు తాగుతోంది. ఆమె నీడ మాత్రం తెర మీద ఆగకుండా బంతులు వేస్తూ వయసులో ముందుకు పోతోంది. పద్దెనిమిదేళ్లకు భుజాలు కాస్త వెడల్పయ్యాయి. పంతొమ్మిదేళ్లకు బంతి వేగం పెరిగింది. ఉత్పలకు తెలియకుండానే పెదవుల మీదకు నవ్వు వచ్చింది. ఇరవయ్యో ఏట నీడ ఒక బంతి వేశాక వెంటనే నిటారుగా లేవలేకపోయింది. ఎడమ చెయ్యి నడుం మీదకు పోయింది. అక్కడినుంచి పరుగు చిన్నదైంది, వేగం తగ్గింది. ఇరవై రెండు దాటకముందే నీడ పరుగెత్తడం మానేసింది. తెర అడుగున, ఈ పిల్ల ఆటలో ఎంత నిలుస్తుందో నూటికి లెక్కగట్టిన అంకె పడింది. ముప్ఫై ఎనిమిది.

ఉత్పల రెండోసారి నడిపింది. మళ్లీ ముప్ఫై ఎనిమిదే వచ్చింది.

ఆ యంత్రం పేరు భావి. విశాఖపట్నంలో, మధురవాడ కొండ వెనక ఉన్న ఈ లాబ్‌లో ఉత్పల, ఆమె పై అధికారి ఆకెళ్ల సోమనాథ్ కలిసి దాన్ని తయారు చేశారు. వేలమంది క్రికెటర్ల ఎముకలూ కండరాలూ కదలికలూ, వాళ్లు ఎన్ని ఓవర్లు వేశారో, ఎప్పుడు దెబ్బ తిన్నారో, ఎప్పుడు ఆట మానారో అన్నీ దానికి నేర్పారు. కొత్త పిల్ల వచ్చి కాసేపు బంతులు వేస్తే చాలు, ఆ వేలమందితో పోల్చి చూసుకుని, ఈ పిల్ల రాబోయే ఏళ్లను అది నీడగా ఆడించి చూపిస్తుంది. దెబ్బలు తగలకముందే కనిపెట్టాలని ఉత్పల ఆశపడింది. డాక్టర్లు కొంటారని అనుకుంది. కొన్నది మాత్రం ఫాంటసీ క్రికెట్ వాళ్లు.

"మేడమ్, ఎలగుంది?" అని అడిగింది కుందన, మోచేతి మీది పట్టీ తీస్తుంటే.

"బాగా వేశావు."

"నాను ఏసింది కాదు. అది ఏసింది ఎలగుందని."

ఉత్పల రెండో పట్టీ తీయసాగింది. ఫలితం ముందుగా ఎవరికీ చెప్పకూడదన్నది లాబ్ నియమం. ఆ నియమం ఉన్నందుకు ఆ రోజు ఆమెకు సంతోషమే అనిపించింది.

*

ఇంట్లో ఆమె మామగారు అప్పలనరసయ్య ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. హార్బరులో క్రేన్ నడిపి రిటైరయిన మనిషి. ఉత్పల భర్త ఓడల్లో ఇంజనీరు. అతను సముద్రం మీద ఉన్న నెలల్లో ఇంట్లో మిగిలేది వీళ్లిద్దరే. సాయంత్రం కాఫీ ఆయనే పెడతాడు.

ఆయనకు లోకంలో ఉన్న ఒకే ఒక్క పిచ్చి కీపర్ లీగ్. మొదట్లో అది వికెట్ కీపర్ల ఆట అనుకున్నాడు. పాత హార్బరు స్నేహితులు వివరంగా చెప్పాక వదల్లేదు. అందరూ ఆడే ఫాంటసీ ఆటలో జట్టు రోజుకొకలా మార్చుకుంటారు. ఇందులో అలా కాదు. ఒకసారి తీసుకున్న ఆటగాడిని ఏళ్ల తరబడి మన దగ్గరే నిలుపుకోవచ్చు. వాళ్లు నిజం మ్యాచిల్లో రాణిస్తే ఆ పాయింట్లు మనవి. కాబట్టి పేరు రాకముందే పిల్లల్ని పట్టుకోవాలి, ఎదిగేదాకా ఓపిక పట్టాలి. అప్పలనరసయ్య విజయనగరంలో అండర్ సిక్స్‌టీన్ మ్యాచి చూడబోయి కుందనను పట్టుకున్నాడు. అప్పటికి ఆమెను దేశం మొత్తం మీద ఇంకెవరూ తీసుకోలేదు. ఆమెను గురించి సొంత మనవరాలి గురించి చెప్పినట్టు చెప్పేవాడు.

"ఏటమ్మా, ఇయ్యాల నా గుంట కుందన మీ కాడికి వచ్చిందట కదా," అన్నాడు గ్లాసు అందిస్తూ.

"ఎవరు చెప్పారు మామయ్యా?"

"మా లీగులో అందరికీ తెలుసు. ఎలగేసింది?"

"చెప్పకూడదు మామయ్యా."

ఆయన ఆమె ముఖం వంక చూశాడు. తన గ్లాసు చేతిలోకి తీసుకుని, "సెప్పకూడదంటే బాగోలేదనే కదా," అన్నాడు మెల్లగా.

ఉత్పల కాఫీ తాగుతూ కిటికీలోంచి బయటికి చూసింది.

ఆ వారంలోనే లీగ్ వాళ్లు భావి కొత్త అంకెలను బయటపెట్టారు. సాయంత్రానికల్లా కుందనను నిలుపుకున్నవాళ్లలో ముప్పాతిక మంది వదిలేశారు. అప్పలనరసయ్య రెండు రోజులు ఆగి వదిలేశాడు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, ఉత్పల అడగలేదు. ఆయన ఫోను తెర మీద కుందన బొమ్మ ఉండేచోట కొచ్చినుంచి వచ్చిన వేరే అమ్మాయి బొమ్మ కనబడింది. అంతే.

*

కుందన వాళ్లమ్మ రాములమ్మ విజయనగరం డిపోలో కండక్టరు. డ్యూటీ దిగి, ఖాకీ చొక్కా మీదనే లాబ్‌కు వచ్చింది. రిసెప్షన్లో కూర్చోమంటే కూర్చోలేదు.

"మీరేనా మేడమ్, ఆ మిషను నడిపింది?"

"అవునండీ. కూర్చోండి."

"మా గుంటకి ఇరవయ్యేళ్లకి నడుం ఇరిగిపోతాదని సెప్పిందట మీ మిషను."

"విరిగిపోతుందని కాదండీ. దెబ్బ తగిలే అవకాశం..."

"ఇంకా ఇరగలేదు కదా తల్లీ." రాములమ్మ గొంతు పెంచలేదు. "ఇరిగినాక మానెయ్యమంటే మానేస్తాది. ఇరక్కముందే మేచిల్లోంచి తీసీసినారేటి? జట్టులోనే ఉంచినారట. మరి ఆడించరట. ఎందుకని అడిగితే కోచ్ సారు మీ అంకె సూపించినాడు."

"నేను మాట్లాడతానండీ."

"ఎవలితో?"

ఉత్పల ఫోను చేతిలోకి తీసుకుంది. రాములమ్మ ఇంకాసేపు ఆమె వంకే చూసి, బస్సుకు వేళయిందని వెళ్లిపోయింది.

ఉత్పల కోచ్‌కు ఫోను చేసింది. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "మాకేం కోపం లేదు మేడమ్. అమ్మాయి మంచిదే. కానీ రేపు నిలవని మనిషి మీద ఓవర్లు ఖర్చు పెట్టడం ఎందుకు? అంకె బాగున్నవాళ్లకి ఇస్తే వాళ్లయినా ఎదుగుతారు. ఈ అమ్మాయి నెట్స్‌లో వేస్తోంది. ఖాళీగా ఏం లేదు." తర్వాత కుందన జట్టును నడిపే ఫ్రాంచైజీ మేనేజర్‌కు చేసింది. ఆయన కోచ్‌ను అడగమన్నాడు. క్రికెట్ అసోసియేషన్‌కు చేస్తే, అది ఫ్రాంచైజీ సొంత వ్యవహారం అన్నారు. కీపర్ లీగ్ వాళ్లకు చేస్తే, అంకె మీదే కదా మేడమ్, మమ్మల్ని అడుగుతారేంటి అని నవ్వారు.

ఫోను బల్ల మీద పడేసి ఉత్పల కాసేపు రెండు చేతుల్లో తల పెట్టుకుంది.

*

ఆమెను పట్టి పీడించింది ఒకటే ప్రశ్న. భావి ఏటేటా మరీ సరిగ్గా చెబుతోంది. మొదటి సంవత్సరం పదిలో ఏడు జోస్యాలు నిజమయ్యేవి. ఇప్పుడు తొమ్మిది అవుతున్నాయి. సోమనాథ్ ఆ సంగతి ప్రతి సమావేశంలోనూ గర్వంగా చెబుతాడు. కానీ ఈ మధ్య యంత్రంలో వాళ్లు పెద్దగా మార్చిందేమీ లేదు. ఏ మార్పూ లేకుండా అంత తెలివి ఎక్కడినుంచి వచ్చింది?

తక్కువ అంకె వచ్చిన పాత అమ్మాయిల పేర్లు తీసి ఒక్కొక్కరికీ ఫోను చేసింది. చాలామంది ఎత్తలేదు. ఎత్తినవాళ్లలో ఇద్దరు పేరు చెప్పగానే పెట్టేశారు. అనకాపల్లిలో లావేటి ప్రశాంతి మాత్రం రమ్మంది.

ప్రశాంతి మొబైల్ షోరూంలో పనిచేస్తోంది. కౌంటరు వెనక నిలబడే మాట్లాడింది. పక్కనే స్టూలు ఉన్నా కూర్చోలేదు.

"కూర్చుంటే లెగలేనండి," అంది. "నడుం. మీకు తెలుసు కదా, ముందే సెప్పారు కదా మీరు."

"మ్యాచిలో తగిలిందా?"

"మేచి ఎక్కడండి? మీ అంకె వచ్చాక నన్ను మేచి ఆడించిందే లేదు. నెట్స్‌లో ఏయించేవోరు. మేచిలో అయితే నాలుగు ఓవర్లతో సరి. నెట్స్‌లో పొద్దున బేటింగోళ్లు వస్తారు, ఆళ్లకి ఏస్తాం. ఆళ్లు ఎల్లిపోతే ఇంకోళ్లు వస్తారు. నొప్పంటే, నీకు ఎలాగూ నొప్పొస్తదని అంకె సెప్పింది కదా అనేవోళ్లు. ఒకరోజు బంతి ఏసి అలాగే ఉండిపోయానండి. లెగలేకపోయాను."

"నీలాగే ఇంకెవరైనా..."

"తక్కువ అంకె వచ్చినోళ్లం అందరం నెట్సే కదండి. పెద్ద అంకెలోళ్లకి ఫిజియో ఉంటాడు, సెలవుంటుంది. ఆళ్లని దాచుకుంటారు. మేం అరిగిపోయినా పర్లేదు."

అప్పుడే ఎవరో ఫోను కవరు కావాలని వచ్చారు. ప్రశాంతి నడుం వంచకుండా మోకాళ్ల మీద కిందకు దిగి, అడుగు అరలోంచి తీసి ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో, బస్సులో కూర్చున్నాక ఉత్పలకు అర్థమైంది. భావి తెలివి మీరిపోవడం కాదు. అది చెప్పినదాన్ని అందరూ కలిసి జరిపిస్తున్నారు. తక్కువ అంకె వచ్చిన పిల్లను నెట్స్‌లోకి తోస్తారు, అక్కడ నడుం పోతుంది. ఆ సంగతి మరుసటి ఏడు యంత్రానికి పాఠంగా వెళుతుంది. ఇటువంటి ఒంటితీరు ఉన్నవాళ్లకు నడుం పోతుంది అని అది ఇంకాస్త గట్టిగా నేర్చుకుంటుంది. కుందన నీడ నడుం పట్టుకుంది కుందన నడుం బలహీనమై కాదు. ప్రశాంతి నడుం పోయినందుకు.

*

సోమనాథ్ అంతా విన్నాడు. మధ్యలో ఒక్క మాట కూడా అడ్డు పెట్టలేదు. తెలివితక్కువవాడైనా బాగుండేదని ఉత్పలకు అనిపించింది.

"నువ్వు చెప్పింది నిజమే అయుండొచ్చు," అన్నాడు చివరికి.

"అయుండొచ్చు కాదు సార్. నిజం."

"సరే, నిజమే. అయితే ఏం చేద్దామంటావు?"

"కుందన అంకె వెనక్కి తీసుకుందాం. అది తప్పని ప్రకటిద్దాం."

"ముప్ఫై ఎనిమిది తప్పు. ఒప్పుకున్నాను. మరి ఒప్పు ఎంత?"

ఉత్పల తను తెచ్చిన కాగితాలు తిరగేసింది.

"అది చెప్పు," అన్నాడు సోమనాథ్. "నలభై అయిదా? డెబ్భయ్యా? నువ్వు ఏ అంకె చెబితే ఆ అంకె వేయిస్తాను."

ఆమె వారంపాటు ఆ ఒప్పు కోసం వెతికింది. అంకెలు బయటపెట్టిన తర్వాతి సంవత్సరాల పాఠాలన్నీ తీసేసి, పాతకాలపు ఆటగాళ్లతో మాత్రమే యంత్రాన్ని నడిపింది. ఆ పాతవాళ్లలో ఆడపిల్లలు పట్టుమని కొద్దిమందే. కుందన నీడ తెర మీద పద్దెనిమిదో ఏడు దాకా వచ్చి, ఆ తర్వాత మసకబారింది. ఒకసారి పరుగెత్తింది, ఒకసారి ఆగింది, ఒకసారి నీడే లేదు. అంకె పడాల్సినచోట ఖాళీ. మళ్లీ నడిపింది. ఖాళీ. మౌసు బల్లకేసి కొట్టింది. అది రెండు ముక్కలైంది.

నెట్స్‌లో వేయవద్దని కుందనకు ఫోను చేసి చెప్పింది. "ఏయనంటే ఇంటికి పొమ్మంటారు మేడమ్," అంది కుందన. "పోతే మళ్లీ రానివ్వరు."

*

ఏడాదికోసారి నిలుపుడు దినం అని జరుగుతుంది. మధ్యలో ఎవరిని తీసుకున్నా వదిలినా, కీపర్ లీగ్ ఆడేవాళ్లందరూ ఆ రోజే వచ్చే సంవత్సరానికి ఎవరిని ఉంచుకుంటారో, ఎవరిని వదులుకుంటారో ఖాయం చేసుకోవాలి. ఆ కార్యక్రమాన్ని ఫోన్లలో లక్షలమంది చూస్తారు. భావి ఎలా పనిచేస్తుందో రెండు మాటలు చెప్పడానికి ప్రతిసారీ సోమనాథ్ వెళతాడు. ఈసారి అతనికి గొంతు పోయింది. ఉత్పలను పంపించాడు. ఆమె ఏం మాట్లాడుతుందోనని అతనికి అనుమానం వచ్చే ఉంటుంది. అయినా పంపించాడు. ఎందుకు పంపించాడో ఆమె ఎప్పుడూ అడగలేదు.

వ్యాఖ్యాత నవ్వుతూ, "ఉత్పల గారూ, భావి అంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతోంది?" అని అడిగింది.

"మీరందరూ అది చెప్పినట్టు చేస్తున్నారు కాబట్టి," అంది ఉత్పల.

వ్యాఖ్యాత నవ్వు అలాగే ఉండిపోయింది. ఉత్పల ఆగలేదు. నెట్స్ సంగతి చెప్పింది. పేరు చెప్పకుండా అనకాపల్లి అమ్మాయి సంగతి చెప్పింది. "కుందన అనే అమ్మాయికి ముప్ఫై ఎనిమిది ఇచ్చాం. ఆ అంకెకు అర్థం లేదు. సరైన అంకె ఎంతో నాకూ తెలియదు. ఎవరికీ తెలియదు. పదిహేడేళ్ల పిల్ల. ఆడనిచ్చి చూడాలి, అంతే," అంది.

ఇంటికి వచ్చేసరికి అప్పలనరసయ్య వీధి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "మళ్లీ తీసీసుకున్నానమ్మా ఆ గుంటని," అన్నాడు. కళ్లు చెమర్చాయి. "నానే కాదు. మా లీగులో అందరూ కొట్టుకుంటన్నారు ఆ పిల్ల కోసం."

*

తాను చెప్పింది జనం వింటారని ఉత్పల అనుకుంది. విన్నారు. వాళ్లు విన్నది వేరు. అందరూ కలిసి నిలుపుకుంటే అంకె పెరుగుతుందట అని విన్నారు. కుందనను వదిలినవాళ్లు తిరిగి తీసుకున్నారు, ఎన్నడూ పేరు విననివాళ్లు కూడా తీసుకున్నారు. జట్టు ఒక ఆటగత్తెకు ఎన్ని ఓవర్లు ఇస్తుందన్నది భావి లెక్కలో ఒక భాగం. అంతమంది నిలుపుకున్న అమ్మాయిని జట్టు పక్కన పెట్టదని దానికి తెలుసు. తర్వాతి అంకెల్లో కుందనకు ఎనభై ఒకటి వచ్చింది. తెర మీద నీడ ముప్ఫై ఏళ్లు దాటినా నిటారుగా పరుగెత్తుతూనే ఉంది.

అదే పిల్ల. అదే నడుం. ఉత్పల ఆ రెండు నీడలనూ పక్కపక్కన పెట్టి చూసుకుని, కంప్యూటర్ ఆపేసి లేచి వెళ్లిపోయింది.

కుందన మ్యాచిల్లోకి వచ్చింది. వచ్చాక ఇక దిగనివ్వలేదు. మొదటి ఓవరు ఆమెకే, చివరి ఓవరూ ఆమెకే. ఆమెను ఆడించకపోతే జట్టు ఫోన్లు మోగిపోయేవి. ఒక మ్యాచికి విశ్రాంతినిస్తే కోచ్‌ను నానా మాటలన్నారు. విజయనగరం కోట కూడలిలో ఆమె బొమ్మ కట్టారు. టీవీలో చూస్తున్న ఉత్పలకు ఆమె పరుగులో ఏదో తేడా కనిపించింది. చివరి అడుగు కొంచెం పక్కకు పడుతోంది.

ఆ ఆదివారమే కుందన ఉత్పల ఇంటికి వచ్చింది. అప్పలనరసయ్య ఆమెను చూసి కంగారుపడి, కుర్చీ తుడిచి వేశాడు. ఆమె కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడింది.

"నొప్పా?" అని అడిగింది ఉత్పల.

"కొంచెం."

"ఎప్పటినుంచి?"

కుందన అప్పలనరసయ్య వంక చూసి తల దించుకుంది. "సెప్పకండి అక్కా ఎవలకీ. సెప్తే మళ్లీ తీసెస్తారు."

మేడమ్ పోయి అక్క ఎప్పుడయిందో ఇద్దరూ గమనించలేదు. ఉత్పల ఆమెను తనకు తెలిసిన ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. స్కానింగులో నడుం దగ్గర వెన్నుపూసలో సన్నని గీత కనిపించింది. ఇప్పుడే ఆగిపోతే దానంతట అదే అతుక్కుంటుందని, ఇలాగే వేస్తూపోతే నిలువునా చీలుతుందని డాక్టరు చెప్పాడు.

ఉత్పల కోచ్‌కు ఫోను చేసింది. "మీ యంత్రం ఎనభై ఒకటి అంటోంది కదా మేడమ్," అన్నాడాయన. "మొన్న తక్కువిస్తే ఆడించమని మీరే గొడవ చేశారు. ఇప్పుడు ఎక్కువిస్తే ఆపమంటున్నారు. మీకు ఏం కావాలో మీకైనా తెలుసా?"

సోమనాథ్ నీడను మరోసారి నడిపించి చూశాడు. "నడుం బాగానే ఉంది ఉత్పలా."

"నీడది సార్ అది."

"నాకు మాత్రం తెలీదా?" అన్నాడు అలసటగా. "స్కాను పంపించు, చూస్తాను. కానీ సీజను మధ్యలో అంకె మార్చమంటే లీగ్ ఒప్పుకోదు."

ఆ సాయంత్రం విజయనగరంలో రాములమ్మ ఇంటి వరండాలో ముగ్గురూ కూర్చున్నారు. ఉత్పల దాచకుండా చెప్పింది. ఆగిపోతే జట్టులోంచి తీసేస్తారు. జనం వదిలేస్తారు. మళ్లీ పిలుస్తారన్న నమ్మకం లేదు.

"ఆడితే?" అని అడిగింది కుందన.

"ఈ సీజను దాటొచ్చు. దాటకపోవచ్చు."

"నీకేటి అనిపిస్తంది అక్కా? మిషను కాదు, నీకు."

"ఆపెయ్యి," అంది ఉత్పల. "నాకు తెలిసి కాదు. భయమేసి చెప్తున్నాను."

రాములమ్మ కూతురి వీపు మీద చెయ్యి వేసింది, కూతురు ఆ చెయ్యి తోసేసింది. "రెండుసార్లూ నన్నెవులూ సూడలేదు," అంది కుందన. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా గొంతు మాత్రం కోపంగానే ఉంది. "ఒకసారి ఆడొద్దన్నారు, ఒకసారి మానొద్దన్నారు. నాను బంతేస్తంటే ఒక్కడైనా సూసినాడా? ఫోన్లే సూసినారు."

మర్నాడు ఆమె స్కానింగు కాగితాలు పట్టుకెళ్లి కోచ్ బల్ల మీద పెట్టి, ఇంటికి వచ్చేసింది.

*

జనం ఆమెను వదలడానికి ఎంతోసేపు పట్టలేదు. కోట కూడలిలో ఆమె బొమ్మ తీసి నగల దుకాణం బొమ్మ కట్టారు. అప్పలనరసయ్య కూడా వదిలేశాడు. ఈసారి చెప్పే వదిలేశాడు.

"ఆటలో ఖాళీ చోటు ఉంచుకోలేం కదమ్మా," అన్నాడు నేల చూస్తూ.

"తప్పేముంది మామయ్యా," అంది ఉత్పల. కానీ ఆ వారమంతా ఆయన పెట్టిన కాఫీ తాగలేకపోయింది. తర్వాత తాగింది. ఆయన మీద కోపం పెట్టుకుని చేసేదేముంది?

లాబ్‌కు రాజీనామా ఇచ్చే ముందు ఆ ఏటి నివేదిక ఆమె బల్ల మీదకు వచ్చింది. ఏ జోస్యం నిజమైంది, ఏది కాలేదు అని యంత్రమే తేల్చి వేసిన పట్టిక. కుందన పేరు ఎదురుగా టిక్కు ఉంది. పట్టిక లెక్కపెట్టేది మొదటి జోస్యాన్నే, ముప్ఫై ఎనిమిదిని. నడుం దెబ్బతో ఆట విరమణ. నిజమైంది. కాస్త ముందే నిజమైందని కింద ఒక వాక్యం కూడా ఉంది.

ఉత్పల ఆ పేజీ పట్టుకుని సోమనాథ్ గదిలోకి వెళ్లింది. "దీన్ని ఒప్పు కింద వేసుకుంటారా?"

"నేను వేయలేదు. అదే వేసుకుంది."

"తీసేయండి."

"ఏమని రాసి తీసేయను?" అన్నాడు సోమనాథ్. "చెప్పింది, జరిగింది. ఎందుకు జరిగిందో రాసుకునే గడి అందులో మనం పెట్టలేదు."

పెట్టలేదన్నది నిజమే. ఆ పట్టికను మొదట గీసింది ఉత్పలే. అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. పేజీ అక్కడే వదిలి, బయటికి వచ్చి, కొండ వాలు మీదుగా బస్టాపు దాకా నడుచుకుంటూ పోయింది.

వానలు వెళ్లాక విజయనగరం వెళ్లింది. అయోధ్య మైదానంలో ఒక మూల కుందన ఒక్కతే ఉంది. డాక్టరు ఒప్పుకున్నాడు, కొద్దికొద్దిగా వేయమన్నాడు. పూర్తి పరుగు లేదు. నాలుగడుగులు నడిచినట్టుగా వచ్చి, ఒకే స్టంపుకు గురిపెట్టి వేస్తోంది. బంతి తెచ్చిచ్చేవాళ్లు లేరు. తనే వెళ్లి తెచ్చుకుంటోంది. వేగం సగం కూడా లేదు. చివరి అడుగు మాత్రం తిన్నగా పడుతోంది.

ఉత్పలను చూసి దగ్గరికి వచ్చింది. "అక్కా, మీ ఆఫీసుకి ఎల్లలేదేటి?"

"మానేశాను."

"నా గురించా?"

"నీ గురించి కొంత. నా గురించి కొంత."

కుందన బంతిని ప్యాంటుకు రుద్దుతూ నిలబడింది. "మరి నా గురించి ఏటి రాసినారు ఆకరికి?"

అబద్ధం చెబుదామా అని ఉత్పలకు ఒక క్షణం అనిపించింది. "మొదట చెప్పిందే సరిగ్గా జరిగిందని రాశారు," అంది. "నడుం పోయిందని. ఆట అయిపోయిందని."

"ఇంక మళ్లీ లెక్క ఎయ్యరా?"

"వెయ్యరు. వాళ్ల వరకు నీ సంగతి ముగిసిపోయింది."

కుందన చేతిలోని బంతిని తిప్పి చూసుకుంది. ఉత్పల ఆమె ముఖం వంక చూడలేక మైదానం వంక చూసింది.

"అయితే ఇంకెవులూ సూడరన్నమాట," అంది కుందన. గొంతులో ఏడుపు లేదు. "మంచిదేలే అక్కా. కొంచెం పక్కకి జరుగు. ఇంకో నాలుగడుగులు ఎనక్కెల్లి ఏస్తాను."